పదిహేడేళ్ళ మనసును మూడు నెలల్లో తూచగలమా?

పదహారేళ్ళు నిండి, పద్దెనిమిది ఇంకా నిండని పిల్లవాడి మీద ఘోరమైన నేరారోపణ వచ్చినప్పుడు, అతని కేసు పిల్లల చట్టం కిందే నడవాలా లేక అతణ్ణి పెద్దవాడిగా ఎంచి విచారించాలా అన్నది తేల్చడానికి 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం తన 15వ సెక్షన్‌లో ఒక పద్ధతి పెట్టింది. దాన్ని ప్రాథమిక మదింపు అంటున్నారు. ఆ నేరం చేయడానికి కావలసిన శారీరక, మానసిక సామర్థ్యం అతనికి ఉందా, దాని పర్యవసానాలను గ్రహించే శక్తి ఉందా, ఏ పరిస్థితుల్లో ఆ పని చేశాడని చెబుతున్నారు అన్న విషయాలను జువెనైల్ జస్టిస్ బోర్డు పరిశీలించాలి. పిల్లవాణ్ణి మొదటిసారి తన ముందు హాజరుపరచిన నాటి నుంచి మూడు నెలల్లో ఆ పని ముగించాలి. అప్పటికి అతను నేరం చేశాడో లేదో తేలదు. ఇది విచారణ కాదని చట్టమే తన వివరణలో స్పష్టం చేసింది. అయినా, చేశాడో లేదో తెలియని పని చేసిన వేళ అతని మనసు ఎంత ఎదిగి ఉందో చెప్పమని బోర్డును అడుగుతుంది.

ఈ ప్రశ్నకు నమ్మకంగా జవాబు చెప్పగల శాస్త్రం లేదు. కౌమార వికాసం మీద గత మూడు దశాబ్దాల్లో జరిగిన పరిశోధన బాలల న్యాయానికి ఎంతో మేలు చేసిందని ఒప్పుకుంటూనే, ఆ పరిశోధన చెప్పేది ఒకటి, మన చట్టం దాని దగ్గర ఆశించేది మరొకటి అని నేను వాదించదలచుకున్నాను. నేను న్యాయవాదిని కాను, మనస్తత్వ శాస్త్రం చదివినవాణ్ణీ కాను. ఇంటర్మీడియట్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. చట్టం వేలెత్తి చూపే ఆ రెండేళ్ళ వయసు పిల్లలే నా ఎదుట బెంచీల మీద కూర్చుంటారు గనుక ఈ విషయం మీద నాకు ఆసక్తి పుట్టింది.

ఈ పరిశోధనలో పెద్ద భాగం అమెరికాలో జరిగింది. అది కోర్టు మెట్లెక్కింది కూడా మొదట అక్కడే. 1899లో షికాగోలో పిల్లల కోసం ప్రత్యేక న్యాయస్థానం ఏర్పడినప్పుడు, తల్లిదండ్రుల స్థానంలో నిలిచి పిల్లలను దిద్దడమే దాని పని అని అందరూ అనుకున్నారు. ఆ దయ చాటున ఏం జరుగుతున్నదో 1967లో గాల్ట్ కేసు బయటపెట్టింది. అరిజోనాలో పదిహేనేళ్ళ కుర్రవాడు పొరుగున ఉండే ఒకావిడకు ఫోన్ చేసి అసభ్యంగా మాట్లాడాడని ఆరోపణ వస్తే, ఇరవై ఒకటో ఏడు వచ్చే వరకూ అతణ్ణి సంస్కరణాలయంలో ఉంచవచ్చునని అక్కడి జడ్జి తీర్పిచ్చాడు. అదే పని పెద్దవాడు చేస్తే యాభై డాలర్ల దాకా జరిమానా, లేదా రెండు నెలలకు మించని జైలు. పిల్లవాడి తరఫున లాయరు లేడు, ఫిర్యాదు చేసినావిడ కోర్టుకు రానేలేదు. పిల్లలకు కూడా లాయరును పెట్టుకునే హక్కు, సాక్షులను ప్రశ్నించే హక్కు ఉన్నాయని సుప్రీంకోర్టు ఆ కేసులో చెప్పింది.

తరువాత గాలి ఎదురు తిరిగింది. 1980ల చివరి నుంచి అక్కడ కుర్రవాళ్ళ చేతుల్లో తుపాకీ హత్యలు పెరిగాయి. 1995లో ప్రిన్స్‌టన్‌లో రాజనీతి శాస్త్రం బోధించే జాన్ డియులియో, పశ్చాత్తాపం అంటే ఏమిటో ఎరగని 'సూపర్ ప్రిడేటర్ల' తరం ఒకటి ముంచుకొస్తున్నదని రాశాడు. ఆ దశాబ్దంలో దాదాపు అన్ని రాష్ట్రాలూ పిల్లలను పెద్దల కోర్టులకు పంపడాన్ని సులువు చేసుకున్నాయి. ఆయన చెప్పిన తరం మాత్రం రాలేదు. ఆ రాత అచ్చయ్యేనాటికే పిల్లల హింసాత్మక నేరాలు తగ్గుముఖం పట్టాయి. ఆ జోస్యం ఫలించలేదని చెబుతూ కొందరు పండితులు 2012లో సుప్రీంకోర్టుకు ఒక నివేదన సమర్పించినప్పుడు, దాని మీద డియులియో కూడా సంతకం చేశాడు. ఆ పాటి నిజాయితీ చూపే వ్యాఖ్యాతలు మన టీవీ చర్చల్లో కూడా ఉంటే బాగుండుననిపిస్తుంది.

ఆ భయం నడుమనే, 1997లో మెకార్థర్ ఫౌండేషన్ ఒక పరిశోధక బృందాన్ని కూడగట్టింది. టెంపుల్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వవేత్త లారెన్స్ స్టైన్‌బర్గ్ దానికి నాయకత్వం వహించాడు. పిల్లలు పెద్దల కంటే తెలివి తక్కువవాళ్ళా అన్న పాత ప్రశ్నను ఈ బృందం పక్కన పెట్టి, తెలిసిన విషయాన్ని వాళ్ళు ఏ సందర్భంలో వాడుకోగలరు, ఏ సందర్భంలో వాడుకోలేరు అని అడగడం మొదలుపెట్టింది. 2005లో మార్గో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ ప్రచురించిన ప్రయోగం ఇందుకు చక్కని ఉదాహరణ. అదొక కంప్యూటర్ ఆట. తెర మీద కారు పోతుంటుంది, ముందున్న సిగ్నల్ పసుపు రంగుకు మారుతుంది, ఎర్రదీపం ఎప్పుడు పడుతుందో తెలియదు. ఎంత దూరం పోతే అన్ని పాయింట్లు వస్తాయి. ఆపకముందే ఎర్రదీపం పడితే ఉన్నవి కూడా పోతాయి. మూడు వయసుల వాళ్ళ చేత ఈ ఆట ఆడించారు: పదమూడు నుంచి పదహారేళ్ళ పిల్లలు, పద్దెనిమిది నుంచి ఇరవై రెండేళ్ళ యువకులు, ఇరవై నాలుగు దాటిన పెద్దలు. ప్రతి గుంపులోనూ కొందరు ఒంటరిగా ఆడారు, కొందరి పక్కన వాళ్ళ ఈడు వాళ్ళే ఇద్దరు ఉన్నారు. పక్కన ఈడువాళ్ళు ఉన్నప్పుడు పిల్లలు రెట్టింపు సాహసానికి తెగించారు, యువకులు సగం ఎక్కువ తెగించారు, పెద్దల్లో మాత్రం తేడా కనిపించలేదు. ఆ పక్కన ఉన్నవాళ్ళు సలహాలు ఇవ్వవచ్చు, నిర్ణయం మాత్రం ఆడేవాళ్ళదే.

ఈ ఫలితం చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. బండి వేగం రెట్టింపయితే, బ్రేకు వేశాక అది ఆగే దూరం నాలుగు రెట్లవుతుందని బోర్డు మీద సమీకరణం రాసి, తప్పు లేకుండా చేసి చూపించిన కుర్రవాణ్ణి అదే సాయంత్రం కాలేజీ ముందు రోడ్డు మీద చూశాను. లైసెన్సు రాని వయసు, నెత్తిన హెల్మెట్ లేదు, వెనక ఇద్దరు స్నేహితులు, ముందు పోతున్న ఆర్టీసీ బస్సును దాటాలన్న పట్టుదల. మర్నాడు పిలిచి అడిగితే, అలా పోతే ఏమవుతుందో నాకంటే వివరంగా అతనే చెప్పాడు. ఆ పిల్లవాడికి పర్యవసానాలు తెలియవని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తెలిసిన విషయం వెనక సీటులో ఇద్దరు ఎక్కగానే చేతికి అందకుండా పోయింది.

పరిశోధకులు చెప్పే తేడా ఇదే. తీరికగా, ఒంటరిగా, ఉద్రేకం లేకుండా ఆలోచించే శక్తి సుమారు పదహారేళ్ళకు పెద్దల స్థాయికి చేరుతుంది. ఉద్వేగంలో, తోటివాళ్ళ నడుమ, క్షణంలో నిర్ణయం తీసుకోవలసి వచ్చినప్పుడు తనను తాను ఆపుకునే శక్తి ఇరవై దాటిన తరువాత కూడా పెరుగుతూ ఉంటుంది. 1999లో జే గీడ్ బృందం పిల్లల మెదళ్ళను మళ్ళీమళ్ళీ స్కాన్ చేసి ప్రచురించిన ఫలితాలు, ఆ తరువాత వచ్చిన మరెన్నో అధ్యయనాలు, నిగ్రహానికీ ముందుచూపుకూ సంబంధించిన మెదడు ముందుభాగం ఆలస్యంగా పక్వమవుతుందని చూపించాయి. మెదడు ఇరవై అయిదో ఏట పూర్తవుతుందని వాట్సాప్‌లో తిరిగే మాట మాత్రం ఎవరూ కనిపెట్టింది కాదు. అధ్యయనాలు చాలావరకు ఆ వయసు దగ్గర ఆగాయి, ఎదుగుదలకు మాత్రం అక్కడ గీత ఏమీ లేదు.

2005 మార్చి 1న రోపర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, పద్దెనిమిదేళ్ళలోపు చేసిన నేరానికి మరణశిక్ష వేయడం రాజ్యాంగ విరుద్ధమని అయిదుగురు నలుగురి తేడాతో తీర్పు చెప్పింది. జస్టిస్ కెనెడీ మూడు కారణాలు చూపించాడు: పిల్లల్లో బాధ్యత ఇంకా పండదు, తోటివాళ్ళ ప్రభావానికి తేలికగా లోనవుతారు, స్వభావం ఇంకా గట్టిపడదు. ఇదే తర్కం మీద 2010లో గ్రాహం కేసులో, హత్య కాని నేరాలకు పిల్లలను విడుదలకు వీలులేని యావజ్జీవ శిక్షలో పెట్టకూడదన్నారు. 2012లో మిల్లర్ కేసులో, హత్య చేసినా ఆ శిక్షను యాంత్రికంగా వేయకూడదన్నారు.

రోపర్ తీర్పుతో విభేదించిన జస్టిస్ స్కాలియా వేసిన ఒక ప్రశ్న మీద నాకు గౌరవం ఉంది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ ఇప్పుడు పిల్లలకు పరిపక్వత లేదంటున్నది. అదే సంఘం 1990లో, తల్లిదండ్రుల ప్రమేయం లేకుండా గర్భస్రావం గురించి నిర్ణయించుకునే పరిపక్వత ఆ వయసు ఆడపిల్లలకు ఉందని ఇదే కోర్టులో వాదించింది. రెండూ ఎలా నిజమవుతాయని ఆయన అడిగాడు. స్టైన్‌బర్గ్, అతని సహచరులు 2009లో దీనికి జవాబు రాశారు: డాక్టరుతో మాట్లాడి, రోజుల తరబడి ఆలోచించి తీసుకునే నిర్ణయం వేరు, వీధిలో నలుగురి మధ్య క్షణంలో చేసే పని వేరు. జవాబు సరైనదే. కాని దాన్ని అంగీకరిస్తే పరిపక్వతకు ఒకే వయసు లేదనీ, సందర్భాన్ని బట్టి అది మారుతుందనీ కూడా అంగీకరించవలసి వస్తుంది. ఆ సంగతి మన చట్టం దగ్గర మళ్ళీ ఎదురవుతుంది.

అసలు చిక్కు ఇంకొకటుంది. ఈ అధ్యయనాలన్నీ గుంపుల సగటుల గురించి చెబుతాయి. తరగతి సగటు మార్కులు చూసి మూడో బెంచీలో కూర్చున్న పిల్లవాడికి ఎన్ని వచ్చాయో చెప్పలేనట్టే, పదిహేడేళ్ళవాళ్ళ సగటు చూసి ఒక పిల్లవాడి నిగ్రహం ఎంతో చెప్పలేము. స్కాన్ తీసినా చెప్పలేము, ఎందుకంటే నేరం జరిగిన రాత్రి నాటి మెదడు మన చేతికి దొరకదు. అందువల్ల ఈ శాస్త్రం గీత ఎక్కడ గీయాలో చెప్పడానికి పనికొస్తుంది, గీతకు ఇటువైపున్న ఒక్కొక్కరినీ విడదీసి తూచడానికి పనికిరాదు. కెనెడీ చేసింది మొదటి పని: పద్దెనిమిది దగ్గర గీత గీసి, ఆ లోపల ఉన్న అందరికీ వర్తింపజేశాడు. వ్యక్తిగత మదింపు మీద ఆధారపడిన మిల్లర్ తీర్పు తరువాత ఏమైందో చూస్తే ఈ తేడా తెలుస్తుంది. 2021లో జోన్స్ కేసులో అదే కోర్టు, ఈ పిల్లవాడు ఎన్నటికీ బాగుపడడని విడిగా తేల్చకుండానే అతనికి విడుదలకు వీలులేని యావజ్జీవ శిక్ష వేయవచ్చునంది.

మన దేశంలో పిల్లల చట్టం వర్తించే వయోపరిమితి మగపిల్లలకు పదహారు, ఆడపిల్లలకు పద్దెనిమిది అని 1986 చట్టం అన్నది. 2000 చట్టం ఇద్దరికీ పద్దెనిమిది చేసింది. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరంలో ఆరుగురు నిందితుల్లో ఒకడికి పద్దెనిమిది నిండడానికి కొన్ని నెలలు తక్కువ. వయసు తగ్గించాలన్న డిమాండు దేశమంతా లేచినా, ఆ ఘోరం తరువాత చట్టాల్లో మార్పులు సూచించడానికి వేసిన జస్టిస్ వర్మ కమిటీ 2013 జనవరిలో అందుకు ఒప్పుకోలేదు. అదే ఏడాది జూలైలో సలిల్ బాలి కేసులో సుప్రీంకోర్టు, ఆ వయసు దాకా పిల్లలను మళ్ళీ దారిలోకి తీసుకురావచ్చునన్న మనస్తత్వ నిపుణుల అవగాహన మీదనే పద్దెనిమిది నిర్ణయమైందని చెప్పి పిటిషన్లను కొట్టివేసింది. ఆగస్టులో బోర్డు ఆ కుర్రవాడికి మూడేళ్ళు స్పెషల్ హోమ్ విధించింది. 2015 డిసెంబరు 20న అతను విడుదలయ్యాడు. సరిగ్గా రెండు రోజుల తరువాత, 22న, అంతవరకూ నానుతూ వచ్చిన ఈ 2015 చట్టపు బిల్లును రాజ్యసభ ఆమోదించింది. పదహారు నుంచి పద్దెనిమిదేళ్ళ మధ్యవాళ్ళను పెద్దల వ్యవస్థకు పంపే ఏర్పాటు తగదని పార్లమెంటు స్థాయీ సంఘం ఆ ఏడాది మొదట్లో చెప్పిన మాట ఆ వేడిలో కొట్టుకుపోయింది.

ఈ మదింపు చేసేది ఒక మెజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు. వాళ్ళ ముందు ఉండేది పోలీసుల కాగితాలు, ప్రొబేషన్ ఆఫీసరు రాసిన సామాజిక నివేదిక, సైకాలజిస్టు పెట్టిన తెలివితేటల పరీక్ష ఫలితం. అబ్జర్వేషన్ హోమ్‌లో ఒక గదిలో, ఎదురుగా తెలియని మనిషి కూర్చుని అడిగే ప్రశ్నలకు పిల్లవాడు జవాబులు చెబుతాడు. కొట్టడం తప్పని తెలుసా? తెలుసు. పోలీసులు పట్టుకుంటారని తెలుసా? తెలుసు. గది నిశ్శబ్దంగా ఉంటుంది, పక్కన స్నేహితులు లేరు, తొందర లేదు. పదహారేళ్ళకే పెద్దల స్థాయికి చేరే ఆ చల్లని ఆలోచననే ఈ పరీక్ష కొలుస్తుంది. ఏ శక్తి లోపం వల్ల నేరం జరిగి ఉంటుందని శాస్త్రం అంటుందో, ఆ శక్తిని అది తాకను కూడా తాకదు. నా విద్యార్థి ఈ పరీక్షకు కూర్చుంటే నూటికి నూరు తెచ్చుకుంటాడు.

సుప్రీంకోర్టుకు ఈ సంగతి తెలియకపోలేదు. 2022 జూలైలో బరుణ్ చంద్ర ఠాకూర్ కేసులో, పర్యవసానాలంటే అప్పటికప్పుడు జరిగేవే కావనీ, బాధిత కుటుంబానికీ తనకూ ముందుముందు కలిగేవి కూడా అనీ, పిల్లలు ప్రమాదాన్ని ఎరిగి ఉండి కూడా ఆవేశం వల్ల, తోటివాళ్ళ వల్ల తెగించవచ్చుననీ కోర్టు వివరించింది. బోర్డులో పిల్లల మనస్తత్వ నిపుణులు లేకపోతే బయటి నిపుణుల సాయం తప్పక తీసుకోవాలని ఆదేశించింది. మంచి తీర్పు. అయితే నిపుణుణ్ణి తెచ్చినంత మాత్రాన, జవాబు లేని ప్రశ్నకు జవాబు పుట్టదు. నిపుణుడు నిజాయితీపరుడైతే తనకు తెలియదని రాస్తాడు. ఆ మాటతో బోర్డు ఏం చేసుకోవాలో చట్టంలో లేదు.

గుంపు విషయంలోనైతే మన ఆలోచన శాస్త్రానికి పూర్తిగా ఎదురుగా నడుస్తుంది. 2022 మేలో హైదరాబాదు జూబ్లీహిల్స్‌లో ఒక బాలిక మీద జరిగిన సామూహిక అత్యాచారం కేసులో నిందితులైన అయిదుగురు మైనర్లలో నలుగురిని పెద్దలుగా విచారించాలని బోర్డు ఆ సెప్టెంబరు చివర్లో నిర్ణయించినప్పుడు, తెలుగునాట చాలామంది హర్షించారు. ఆ కేసు మంచిచెడ్డలు కోర్టు తేల్చవలసినవి, వాటి జోలికి నేను పోను. నేననేది, కలిసికట్టుగా చేశారు గనుక పెద్దవాళ్ళే అన్న మాట ఆ రోజుల్లో టీవీల్లో పదేపదే వినిపించింది. ఆ బాలికకు జరిగిన హాని గుంపు వల్ల మరింత భయంకరమవుతుంది, అందులో సందేహం లేదు. చేసినవాళ్ళ పరిపక్వతకు మాత్రం గుంపు రుజువు కాదు. ఆ వయసులో నిగ్రహం అన్నిటికంటే బలహీనపడేది అక్కడే.

ఇక పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాలను శిక్షించే చట్టం. పదిహేడేళ్ళ అబ్బాయి, పదిహేడేళ్ళ అమ్మాయి ప్రేమించుకుని ఇల్లు విడిచిపోతే, అమ్మాయి తండ్రి ఫిర్యాదు చేస్తే, 2019 సవరణ తరువాత అబ్బాయి మీద పడే సెక్షన్‌కు కనీస శిక్ష పదేళ్ళు. కనీసం ఏడేళ్ళ శిక్ష ఉంటే అది ఘోర నేరం గనుక అతను నేరుగా 15వ సెక్షన్ మదింపులోకి వచ్చి పడతాడు. అమ్మాయికి తన సమ్మతి అర్థం తెలియదని చట్టం ఖాయంగా చెబుతుంది. అదే ఈడు అబ్బాయికి తెలిసి ఉండవచ్చునేమో చూడమంటుంది. స్కాలియా ఎత్తిపొడుపు ఇక్కడ మరింత పదునుగా తగులుతుంది, ఎందుకంటే ఇక్కడ సందర్భం ఒకటే, క్షణం కూడా ఒకటే.

కూతురిని పోగొట్టుకున్న తల్లికి ఈ సగటులూ స్కాన్లూ ఏం ఓదార్పునిస్తాయని ఎవరైనా అడిగితే, ఇవ్వవనే నా జవాబు. ఎంత ఘోరమైన నేరానికైనా పిల్లల చట్టం కింద మూడేళ్ళే గరిష్ఠం కావడం ఆమెకు అన్యాయంగా తోచడంలో తప్పు లేదు. నాకూ అది బిగుసుకుపోయిన నిబంధనలాగే కనిపిస్తుంది. అయితే పెద్దల వ్యవస్థకు పంపితే సమాజానికి రక్షణ పెరుగుతుందన్నది రుజువు కాలేదు సరికదా, అందుకు విరుద్ధమైనదే రుజువైంది. 2007లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ప్రచురించిన సమీక్ష ప్రకారం, పెద్దల కోర్టులకు వెళ్ళిన పిల్లలు మళ్ళీ అరెస్టయ్యే అవకాశం, వెళ్ళనివాళ్ళ కంటే 34 శాతం ఎక్కువ. ఫీనిక్స్, ఫిలడెల్ఫియా నగరాల్లో తీవ్రమైన నేరాలు చేసిన 1,354 మంది కౌమారులను ఏడేళ్ళు వెంటాడి చూసిన అధ్యయనంలో, ఎడతెగకుండా నేరాలు చేస్తూ పోయినవాళ్ళు పదో వంతు కంటే తక్కువ. ఆ పదో వంతు ఎవరన్నది మొదటి రోజున ఎవరూ చెప్పలేకపోయారు. ఏళ్ళు గడిచాకే తెలిసింది.

కనుక మదింపును ముందు నుంచి తీసి వెనక పెట్టాలని నా సూచన. అందుకు బీజం మన చట్టంలోనే ఉంది. పెద్దవాడిగా విచారించి శిక్ష వేసిన పిల్లవాణ్ణి ఇరవై ఒకటో ఏడు దాకా జైల్లో కాక, ఇలాంటి పిల్లల కోసం విడిగా ఉండే ప్లేస్ ఆఫ్ సేఫ్టీ అనే గృహంలో ఉంచాలి. శిక్ష ఇంకా మిగిలి ఉంటే, అతనిలో మార్పు వచ్చిందా అని 20వ సెక్షన్ కింద చిల్డ్రన్స్ కోర్టు చూడాలి. ఇది శాస్త్రం సాయపడగల ప్రశ్న. నాలుగేళ్ళు కళ్ళ ముందు పెరిగిన మనిషి గురించి చెప్పడానికి ఆధారాలుంటాయి. 15వ సెక్షన్‌ను ఎత్తివేసి, అత్యంత తీవ్రమైన నేరాలకు మూడేళ్ళ పరిమితిని సడలించి, తప్పు రుజువైన తరువాత ఇరవై ఒకటో ఏడు దాకా, అవసరమైతే మరి రెండేళ్ళు, పిల్లల వ్యవస్థలోనే ఉంచి చివర సమీక్షించవచ్చు. జర్మనీలో పద్నాలుగు నుంచి పదిహేడేళ్ళ పిల్లలు ఎంత ఘోరం చేసినా బాలల చట్టం కిందే విచారణ జరుగుతుంది, పెద్దల కోర్టుకు బదిలీ లేదు. గరిష్ఠ శిక్ష పదేళ్ళు. తీవ్రతకు తగిన శిక్ష వేయడానికి పిల్లవాణ్ణి పెద్దవాడని ప్రకటించనక్కరలేదని అక్కడి అనుభవం చూపిస్తుంది.

ఈ ఏర్పాటు నిలబడేదీ కూలేదీ ప్రొబేషన్ ఆఫీసరు దగ్గర. ప్లేస్ ఆఫ్ సేఫ్టీలో ఉన్న పిల్లవాడి పురోగతి మీద ఏడాదికొకసారి కోర్టుకు నివేదిక వెళ్ళాలని 19వ సెక్షన్ ఇప్పటికే చెబుతున్నది. ఇరవై ఒకటో ఏట జడ్జి ముందు పరిచేవి ఆ కాగితాలే. పిల్లవాడు ఏం చదివాడు, ఎవరితో గొడవ పడ్డాడు, ఆ గొడవ నుంచి ఎలా వెనక్కి తగ్గాడు, చేసిన దాని గురించి మొదటి ఏడు ఏమన్నాడు, మూడో ఏడు ఏమన్నాడు అన్నవి వాటిలో ఉంటే సమీక్షకు అర్థం ఉంటుంది. ప్రవర్తన సంతృప్తికరం అన్న ఒక్క ముక్కే ప్రతి ఏడూ ఉంటే, ఇరవై ఒకటో ఏట ఆ జడ్జి కూడా ఇవాళ్టి బోర్డు లాగే ఊహ మీద తీర్పు చెప్పవలసి వస్తుంది.